జెయింట్ కుందేలు కొనే ముందు మా భీముడి సంగతి వినండి

నిన్న మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకావిడ ఒక రీల్ పెట్టారు. ఒక కుర్రాడు కుందేలును చంకల కింద పట్టుకుని పైకెత్తాడు. దాని వెనక కాళ్లు అతని మోకాళ్ల దాకా వేలాడుతున్నాయి. కింద "ఫ్లెమిష్ జెయింట్ పిల్లలు రెడీ, చెన్నై అంతా డెలివరీ" అని ఉంది. "మా పాప పుట్టినరోజుకి కొందామనుకుంటున్నా. మీ ఇంట్లో ఉంది కదా, ఎలా ఉంటుందండీ?" అని నన్ను అడిగారు. గ్రూపులో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

వద్దండీ. ఎండాకాలం మొత్తం ఒక చల్లటి గదిని దానికి వదిలేయలేని ఇంట్లో, అదీ చెన్నైలో, జెయింట్ కుందేలు వద్దు.

దాని మీద ఇష్టం లేక చెప్పడం లేదు. మా భీముడికి నాలుగేళ్లు, బరువు ఆరు కిలోల మూడు వందలు. పొద్దున్నే వంటింట్లోకి వచ్చి నా కాళ్ల చుట్టూ గుండ్రంగా తిరుగుతాడు. నుదురు నిమిరితే పళ్లు మెల్లగా కొరుకుతూ కళ్లు మూసుకుంటాడు. హాయిగా ఉన్నప్పుడు కుందేలు చేసే శబ్దం అది. జెయింట్ జాతులు నెమ్మదైనవని అంటారు, నిజమే. అంత నెమ్మదైన ప్రాణిని అబద్ధాలు చెప్పి అమ్ముతున్నారనే నా బాధంతా.

భీముణ్ణి కొన్నప్పుడు వాడికి నలభై ఐదు రోజులు. దుకాణం అతను "పెద్దదవుతుంది మేడమ్, అంతే. మామూలు కుందేలే. క్యారెట్, క్యాబేజీ వేసి బాల్కనీలో పెట్టండి" అన్నాడు. ఎండకు ఆగుతుందా అంటే "పుట్టిందే ఇక్కడ కదా మేడమ్" అన్నాడు. ఎన్ని రకాలుగా అడిగినా తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు అదే మాట. ఆ మాటల్లో పెద్దదవుతుందన్నదొక్కటే నిజమని తెలుసుకోవడానికి మాకు ఏడాది పట్టింది.

ఫ్లెమిష్ జెయింట్ బెల్జియంలోని ఫ్లాండర్స్ ప్రాంతానిది. గెంట్ పట్టణం చుట్టుపక్కల రైతులు మాంసం కోసం, బొచ్చు కోసం పెంచి పెద్ద చేసిన జాతి. ఆ ఊళ్లో జులై పగలు మన చెన్నై డిసెంబర్ రాత్రంత చల్లగా ఉంటుంది. కుందేలుకు మనలా చెమట పట్టదు. ఒంట్లో వేడి ఎక్కువగా చెవుల్లోని రక్తనాళాల ద్వారానే బయటికి పోవాలి. ఒళ్లు పెరిగినంతగా చర్మం వైశాల్యం పెరగదు కాబట్టి పెద్ద కుందేలు వేడిని వదిలించుకోవడానికి చిన్నదానికన్నా ఎక్కువ అవస్థ పడుతుంది. పదిహేను నుంచి ఇరవై డిగ్రీల మధ్య దానికి సుఖం. ముప్పై దగ్గరికి వచ్చిందంటే ప్రమాదం మొదలైనట్టే. మనకు మే నెలలో మండిపోయే అగ్ని నక్షత్రం రోజుల్లో అర్ధరాత్రి కూడా ముప్పై ఉంటుంది, పైగా సముద్రపు ఉక్క.

భీముడు మా ఇంటికొచ్చిన రెండో ఏడు, మే నెలలో ఒక రాత్రి పదకొండుకి కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఏసీని లాగదు కదా. పన్నెండున్నరకి చూస్తే వాడు పక్కకి ఒరిగి, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నాడు. కుందేలు ముక్కుతోనే ఊపిరి తీస్తుంది. నోరు తెరిచిందంటే ప్రాణం మీదికి వచ్చిందనే అర్థం. చెవులు ముట్టుకుంటే కాలిపోతున్నాయి. మామూలు చల్లటి నీళ్లలో గుడ్డ తడిపి చెవులు తుడుస్తూ కూర్చున్నాం (ఐసు నీళ్లు పోయకూడదు, ఒంటికి షాక్ తగులుతుంది). మా అత్తయ్య కుందేలంటే ఆమడ దూరం ఉండే మనిషి. అలాంటావిడ తాటాకు విసనకర్ర పట్టుకుని మూడింటిదాకా వాడి పక్కనే కూర్చుని విసిరింది. కరెంటు వచ్చాక వాడు తల ఎత్తితే "లేచాడే నాయన" అని ఏడ్చేసింది.

తర్వాతి వారమే రాళ్ల దుకాణంలో రెండడుగుల కడప బండ ముక్క కొన్నాం. మధ్యాహ్నాలు దాని మీదే పడుకుంటాడు. ఫ్రీజర్‌లో ఎప్పుడూ నాలుగు నీళ్ల సీసాలు గడ్డకట్టి ఉంటాయి, కరెంటు పోతే తువ్వాలులో చుట్టి పక్కన పెడతాం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మా రెండో బెడ్‌రూమ్ వాడిదే. బంధువులొస్తే హాల్లో పడుకుంటారు.

నేల సంగతి కూడా దుకాణాల్లో చెప్పరు. మన ఫ్లాట్లలో నున్నటి టైల్స్ మీద ఆరు కిలోల కుందేలు కాళ్లు జారుతుంది. ఇనుప వల పంజరంలో పెడితే ఆ బరువంతా మడమల మీద పడి పుండ్లవుతాయి. కుక్కలా దానికి పాదం కింద మెత్తలు ఉండవు, బొచ్చే ఉంటుంది. మేము ఇల్లంతా కోరగడ్డి చాపలు పరిచాం. వాటిని కొరికి తింటాడు, మళ్లీ కొంటాం.

తిండి విషయానికొస్తే, కుందేలు అసలు తిండి గడ్డి. పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. పీచు నమిలితేనే అవి అరుగుతాయి, పేగు కదులుతుంది. క్యారెట్ దానికి మిఠాయి లాంటిది, రోజూ పెట్టేది కాదు. బయటి దేశాల నుంచి వచ్చే తిమోతి గడ్డి ప్యాకెట్లు ఇంత పెద్ద జంతువుకు కొంటూ పోతే ఇల్లు గుల్లవుతుంది. మేము సగం అదీ, సగం పచ్చగడ్డీ పెడతాం. పిళ్లయార్ కోవిల ముందు అరుగంపుల్ అమ్మే అమ్మ ఉంది. మన గరికే అది. వినాయకుడికి ఒక కట్ట, భీముడికి ఆరు కట్టలు అని ఆవిడకు లెక్క తెలుసు. ఇంటికొచ్చాక మూడుసార్లు కడిగి ఆరబెట్టాలి.

వాడు మెత్తటి పెంటికలు కొన్ని తిరిగి తింటుంటే అత్తయ్య మొదట్లో కంగారుపడింది. అది జబ్బు కాదు, మొదటిసారి ఒంటికి పట్టని పోషకాలను అలా రెండోసారి తీసుకుంటుంది. కంగారుపడాల్సింది తినడం మానేసినప్పుడు. పోయినేడు ఒక సాయంత్రం నుంచి వాడు గడ్డి ముట్టలేదు, పెంటికలు లేవు. దగ్గర్లోని ఒక క్లినిక్‌కి తీసుకెళ్తే "రెండు రోజులు చూద్దాం" అన్నారు. పన్నెండు గంటలు తినకపోతే పేగు ఆగిపోయే జంతువుకు రెండు రోజులు! పైగా కుక్కలకిచ్చే అమాక్సిసిలిన్ సిరప్ రాశారు. నోటి ద్వారా ఇచ్చే ఆ రకం మందు కుందేలు పేగులోని మంచి బ్యాక్టీరియాను చంపేస్తుంది, దాంతో ప్రాణమే పోవచ్చు. అంతకుముందు చదివి ఉన్నాను కాబట్టి వేయలేదు. పొద్దున్నే ఆటోలో వేపేరి మద్రాసు వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి పరుగెత్తాం. అక్కడ సెలైన్ ఎక్కించి, నొప్పికి మందిచ్చి, సిరంజితో తినిపించడం నేర్పి పంపారు. చదివి ఉండకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ వణుకు వస్తుంది. పేలకు కుక్కల మీద కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే కూడా కుందేలుకు విషమే. దయచేసి గుర్తుపెట్టుకోండి.

ఇక ఆ రీల్. అలా చంకల్లో పట్టి వేలాడదీయడం చూస్తే నా కడుపు తరుక్కుపోతుంది. కుందేలు ఎముకలు తేలిక, వెనక కాళ్ల కండ బలం ఎక్కువ. భయంతో ఒక్క తన్ను తన్నితే దాని నడుము అదే విరగ్గొట్టుకోవచ్చు. ఒక చెయ్యి ఛాతీ కింద, ఒక చెయ్యి పిరుదుల కింద వేసి ఒంటికి ఆనించి ఎత్తాలి. కానీ అలా ఎత్తితే పొడవు కనపడదు, పొడవు కనపడకపోతే అమ్ముడుపోదు. 2010లో గిన్నిస్ రికార్డు కొట్టిన ఇంగ్లండ్ కుందేలు డేరియస్ 129 సెంటీమీటర్ల పొడవు. 2021 ఏప్రిల్‌లో దాన్ని ఇంటి నుంచే ఎవరో ఎత్తుకుపోయారు. మనవాళ్లు ఇప్పటికీ దాని ఫొటో పెట్టి ఇక్కడి పిల్లల్ని అమ్ముతున్నారు.

ఆ పిల్లలు ఫ్లెమిష్‌వేనా అన్నది మరో సంగతి. అమెరికా ప్రమాణాల ప్రకారం పెరిగిన మగది కనీసం 5.9 కిలోలు, ఆడది 6.35 కిలోలు ఉండాలి. తమిళనాట ఫారాల్లో వైట్ జెయింట్, గ్రే జెయింట్, సోవియట్ చించిల్లా జాతులను మాంసం కోసం ఎప్పటినుంచో పెంచుతున్నారు. కొడైకెనాల్ కొండల్లోని మన్నవనూర్ ప్రభుత్వ పరిశోధనా కేంద్రంలోనూ ఉన్నాయి. నలభై రోజుల పిల్లను చూసి ఇది ఫ్లెమిషో, సంకరమో మనలాంటివాళ్లం చెప్పలేం. మా భీముడు కూడా సంకరమే అయ్యుండొచ్చు, నాకేం బాధ లేదు. కానీ ఆ పేరు చెప్పి రెట్టింపు డబ్బు గుంజుతున్నారు. తల్లిదండ్రుల్ని చూపించమనండి, బరువు తూచమనండి. 2018 పెట్ షాప్ నిబంధనల ప్రకారం దుకాణానికి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ కాగితం అడగండి. మేము అవేవీ అడగలేదు.

ఇంకొకటి. చిన్న జాతి కుందేళ్లు పదేళ్లు కూడా బతుకుతాయి. జెయింట్‌లు మామూలుగా ఐదు నుంచి ఎనిమిదేళ్లే. మావాడికి నాలుగు నిండాయి. మా అబ్బాయి ఈ లెక్క విన్న రోజు అన్నం తినలేదు. మీ పాపకు ఎనిమిదేళ్లంటున్నారు, ఇది కూడా ఆలోచించండి.

శనివారం సాయంత్రం పాపను తీసుకుని మా ఇంటికి రండి. ఎత్తుకోనివ్వను గానీ కింద చాప మీద కూర్చుంటే వాడే వస్తాడు, ఒళ్లో తల పెడతాడు. పుట్టినరోజు ఫొటోలు కూడా అక్కడే తీసుకోండి. వచ్చేటప్పుడు కోవిల దగ్గర గరిక రెండు కట్టలు తీసుకురండి, శనివారం నాకు అటు వెళ్లడం కుదరదు.