సవరణ: జపాన్ రహస్య క్రైస్తవుల గురించి
గుణదల మేరీమాత తిరునాళ్ల హడావుడిలో పెట్టిన పోస్టులో ఓ తప్పు రాశాను. 1865లో నాగసాకిలో రహస్య క్రైస్తవులు (క్రైస్తవం మీద నిషేధం వల్ల తమ విశ్వాసాన్ని దాచుకుని బతికినవాళ్లు) బయటపడగానే వాళ్లకు మతస్వేచ్ఛ వచ్చేసిందన్నాను. రాలేదు.

ఆ మార్చి 17న నాగసాకి పక్కనున్న ఉరకామి ఊరివాళ్లు అక్కడి ఔరా చర్చికి వచ్చి, ఫ్రెంచి ఫాదర్ పెటిజాన్‌ను మెల్లగా ‘మరియ తల్లి స్వరూపం ఎక్కడ?’ అని అడిగిన మాట నిజమే. (మన గుణదల కొండ దగ్గర అదే ప్రశ్న ఎంత గట్టిగానైనా అడగొచ్చు.) రెండు వందల ఏళ్లకు పైగా గురువులు (ఫాదర్లు) లేక, జ్ఞానస్నానాలు కూడా వాళ్లలో వాళ్లే ఇచ్చుకున్నారు.

అయితే ఆ తర్వాతే ఉరకామి నుంచి మూడు వేల మందికి పైగా జనాన్ని దూర ప్రాంతాలకు తరిమేశారు. వందల మంది అక్కడే చనిపోయారు. క్రైస్తవం నిషిద్ధమని చాటే బోర్డులు తీసేసింది 1873లో. ఎనిమిదేళ్ల నరకాన్ని నేను ‘వెంటనే’ అన్న ఒక్క ముక్కలో మింగేశాను. ఆ లైను ఇప్పుడు మార్చాను.