ఎడారి తగలని దుబాయి యాత్రకు ప్రణాళిక

ఎడారిలో వెలసిన నగరానికి వెళ్లదలచిన కుటుంబం అన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది, ఆ ఎడారిని ఒంటికి అణుమాత్రమైనా తగలనీయకుండా తిరిగి రావడం ఎలా అన్న విషయం. ఇందుకు దుబాయి సంపూర్ణ సహకారం అందిస్తున్నది. మెట్రో, మాలు, హోటలు, చివరికి బస్సు కోసం వేచి ఉండే గదులను కూడా చాలాచోట్ల చల్లబరిచి ఉంచారు. అయినప్పటికీ, ప్రణాళికా లోపం వల్ల కొందరు పౌరులు ఆరుబయట నడవవలసి వస్తున్నందున ఈ సూచనలు అవసరమైనాయి.

కాలనిర్ణయం సులువు. నవంబరు నుంచి మార్చి వరకు అక్కడ హాయిగా ఉంటుంది కనుక ధరలు మండుతాయి. మే, జూన్ నెలల్లో ఎండ మండుతుంది కనుక ధరలు దిగివస్తాయి. మన బడులకు సెలవులు సరిగ్గా అప్పుడే. రామగుండంలోనో రెంటచింతలలోనో 45 డిగ్రీల ఎండను ఇంటి దగ్గరే ఉచితంగా అనుభవిస్తున్న కుటుంబం, అప్పు చేసి, వీసా తీసుకుని, గంటల తరబడి విమానంలో కూర్చుని మళ్లీ అలాంటి ఎండలోకే దిగడంలో ఆర్థికంగా తప్పు పట్టవలసినదేమీ లేదు.

మొదటి రోజును మంచుకు కేటాయించాలి. మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్ లోపల 2005 నుంచి ఒక మంచుకొండ ఉంది. దాని మీద జారవచ్చు, పెంగ్విన్లను పలకరించవచ్చు, అద్దెకోటు తొడుక్కుని వణకవచ్చు. మంచు చూడాలంటే మనాలీ ఉంది కదా అని ఇంట్లో ఎవరైనా గొణిగితే వారికి ఓర్పుగా నచ్చజెప్పాలి. మనాలీలో మంచు ప్రకృతి దయ, ఒక్కోసారి కురవదు. దుబాయి మంచుకు టికెట్టు అమ్ముతారు, కనుక అది ఉండి తీరుతుంది.

పామ్ జుమేరా దీవిని తప్పక చూడాలి. చుట్టూ ఇసుకే ఉన్న చోట, ఆ ఇసుక గాలికి అరిగి మరీ నున్నగా ఉండి పట్టు నిలవదన్న కారణంతో, సముద్రం అడుగు నుంచి వేరే ఇసుకను తోడి తెచ్చి ఖర్జూర చెట్టు ఆకారంలో దీవిని పోశారు. ఎడారి నగరమే తన ఎడారి ఇసుకను పనికిరాదని పక్కన పెట్టాక, దాన్ని పట్టించుకునే బాధ్యత యాత్రికుడికి లేదు. అయితే బొత్తిగా ఎడారే చూడలేదంటే తిరిగొచ్చాక బంధువుల చేత మాట పడవలసి వస్తుంది గనుక ఒక సాయంత్రాన్ని సఫారీకి వదులుకోవాలి. టైర్లలో గాలి తగ్గించిన పెద్ద కారులో ఇసుక తిన్నెల మీద ఎగరేసి, తిన్నది బయటికి రాకముందే దించి, ఒంటె మీద నాలుగు అడుగులు తిప్పి, కబాబులు పెట్టి, రాత్రి తొమ్మిదింటి ప్రాంతంలో హోటలు గుమ్మంలో దిగబెడతారు. ఎడారి అనేది మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి తొమ్మిది వరకు ఉండే ప్రదేశమన్న భూగోళ జ్ఞానం పిల్లలకు దీనివల్ల అబ్బుతుంది.

828 మీటర్ల బుర్జ్ ఖలీఫా మీదికి సూర్యాస్తమయ వేళ ఎక్కాలంటే రుసుము ఎక్కువ. పగలంతా ఏ సూర్యుడికి దొరక్కుండా తిరిగామో అతణ్ణి సాగనంపడానికి ఆ మాత్రం చెల్లించడం సబబే. పాత నగరంలో బర్ దుబాయి పేట నుంచి ఎదుటి ఒడ్డున ఉన్న డేరా పేటకు, మధ్యనున్న క్రీక్ అనే సముద్రపు పాయను దాటించే అబ్రా పడవకు మాత్రం ఒక్క దిర్హామే తీసుకుంటారు. అంత చవకైన దానికి చూడదగిన గుణం ఉండదని భావించి, టాక్సీలో చుట్టూ తిరిగి వెళ్లడం మర్యాద. దిర్హామ్ విలువను 1997లోనే డాలరుకు కట్టేశారు కాబట్టి, డాలరు ముందు రూపాయి ఎంత జారితే, మనవాళ్ల హోటళ్లున్న కరామా పేటలో మన ఇడ్లీ అంత ప్రియమవుతుంది. ఆ గుణకారం చేసే అలవాటున్న తాతగారిని ఇంటి దగ్గరే ఉంచడం మేలు. ఆవకాయ డబ్బా మూత బిగించడంలో చూపే శ్రద్ధలో సగమైనా మసాలా పొడుల మీద చూపాలి, ఎందుకంటే గసగసాలు అక్కడ నిషిద్ధం; మాంసం కూరలో చిక్కదనం కోసం జైలుకు పోవడం ఏ ప్యాకేజీలోనూ లేదు.

ఇక బంగారం. నగలను సుంకం లేకుండా తెచ్చుకునే వెసులుబాటు, మహిళకు 40 గ్రాములు, పురుషునికి 20 గ్రాములు, ఏడాదికి పైగా విదేశంలో ఉండి వచ్చిన వారికే వర్తిస్తుంది. అయిదు రోజుల యాత్రికుడికి ఇది అన్యాయంగా తోచడం సహజం. అయితే బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని బతుకుదారులను లెక్కపెట్టుకున్న జగిత్యాల, సిరిసిల్ల వైపు వెతికితే, అక్కడే ఏళ్ల తరబడి ఉంటూ ఆ అర్హత నిండుగా సంపాదించిన బాబాయి ఒకరు దాదాపు ప్రతి చుట్టరికంలోనూ తేలుతారు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు దాకా ఆరుబయట పని చేయించరాదని అక్కడి ప్రభుత్వం విధించిన నిషేధం ఆయన వంటి వారి కోసమే; మూడు దాటాక ఎండ చల్లబడిందని చట్టం భావిస్తుంది. ఎడారిని టికెట్టు లేకుండా రోజంతా చూడగల సౌకర్యం ఆయనకే ఉన్నా, ఆ అనుభవాన్ని గూర్చి ఆయనను ప్రశ్నించి మన సమయం వృథా చేసుకోరాదు. గాజుల సంగతి మాత్రం మాట్లాడుకోవాలి. కనుక యాత్ర పట్టికలో ఆయన పేరును చివరి రోజున, బంగారు బజారుకు తర్వాత, విమానాశ్రయానికి ముందు, పదిహేను నిమిషాలకు మించకుండా చేర్చుకోవలసిందిగా మనవి. లేబర్ క్యాంపు దూరం కాబట్టి ఆయననే రమ్మనవచ్చు.