నీళ్ళలో తేలిన రాజా బొమ్మ

తిరుచానూరులో మా బంధువుల పెళ్ళి. ముందురోజు రాత్రి కల్యాణ మండపం వెనక, వంటవాళ్ళు పాత్రలు కడిగే చోట, ఎర్రచందనం లాంటి సరుకుల వ్యాపారం మీద పెట్టే ఆంక్షలు పనిచేస్తాయా అని ఈ వాదం నడిచింది. పెళ్ళికూతురికి ఎవరో ఎర్రచందనం రాజారాణి బొమ్మలని చెప్పి ఇచ్చారు. మా మామకు అనుమానం వచ్చి, రాజా బొమ్మను తీసుకొచ్చి నీళ్ళ గంగాళంలో వేశాడు. ముదిరిన ఎర్రచందనం చేవ, అంటే మాను మధ్యలోని ఎర్ర చెక్క, నీళ్ళలో మునుగుతుంది. రాజా తేలాడు.

మామ ఇరవై రెండేళ్ళ కిందట భాకరాపేట దగ్గర రెండెకరాల పట్టా భూమిలో ఎర్రచందనం నాటాడు. నాటేసి దుబాయ్ వెళ్ళి, జెబెల్ అలీ రేవులో పన్నెండేళ్ళు కంటైనర్ లారీ తోలి వచ్చాడు. మా చెల్లెలు ఎస్వీ యూనివర్సిటీలో బోటనీలో పరిశోధన చేస్తోంది. ఈ ఇద్దరినీ ఒకచోట కూర్చోబెడితే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు.

మామ: చూశావా పాపా? శేషాచలం కొండ కనబడే ఊర్లో పెళ్ళి, బొమ్మ మాత్రం ఏదో చెక్కకు రంగేసింది. మాధవమాలలో తరతరాలుగా బొమ్మలు చెక్కేవాళ్ళకు ఈ చెక్క దొరకదు. చైనాలో కుర్చీలకు, మంచాలకు దొరుకుతుంది. జపాన్‌లో షామిసెన్ అని ఏదో తీగల వాయిద్యం ఉందంట, దానికీ దొరుకుతుంది. ఇదీ మీ ఆంక్షల పుణ్యం.

చెల్లి: ఎందుకు పెట్టారో కూడా చెప్పు మామా. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు. ఈ కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఈ చెట్టు తనంతట తాను పెరగదు. అందుకే 1995లో సైటిస్ జాబితాలో చేర్చారు. అంతరించే ప్రమాదమున్న జంతువులు, మొక్కల వ్యాపారానికి దేశాలన్నీ కలిసి వేసుకున్న కళ్ళెం అది. ఎర్రచందనం విషయంలో 2004 నుంచి మన దేశం మీద ప్రత్యేక నిఘా ఉండింది. 2023 నవంబరులో గానీ తీసేయలేదు.

మామ: కళ్ళెం వేశారు సరే, గుర్రం ఆగిందా? 2015 ఏప్రిల్ 7 మర్చిపోయావా? చంద్రగిరి దగ్గర అడవిలో ఎన్‌కౌంటర్ అన్నారు, 20 మంది పోయారు. అందరూ తమిళనాడు నుంచి వచ్చిన కూలోళ్ళే. ఆ దుంగల కోసం అవతల రేవులో కాచుకున్నవాడికి ఒక్క గీత పడిందా? వద్దన్న కొద్దీ రేటు పెరుగుతుంది, రేటు పెరిగిన కొద్దీ గొడ్డలి కొండెక్కుతుంది.

(ఇక్కడ ఇద్దరూ కాసేపు ఊరుకున్నారు. ఆ రోజుల్లో మేమంతా ఇక్కడే ఉన్నాం. ఆ మాట వస్తే ఇప్పటికీ ఎవరికీ వెంటనే నోరు పెగలదు.)

చెల్లి: దానికి నా దగ్గర జవాబు లేదు మామా. కానీ తలుపు బార్లా తీస్తే మాత్రం ఆగుతుందా? ఏనుగు దంతం సంగతి చూడు. 1989లో నిషేధించారు. 2008లో మాత్రం ఆఫ్రికా దేశాల్లో నిల్వ ఉన్న దంతం నూరు టన్నులకు పైగా చైనా, జపాన్‌లకు ఒక్కసారి అమ్ముకోనిచ్చారు. తర్వాత కొన్నేళ్ళకే ఏనుగుల వేట విపరీతమైంది. ఆ అమ్మకం వల్లేనా అని నిపుణులు ఇంకా వాదించుకుంటున్నారు. నాకైతే ఒకటే అనుమానం. దుకాణంలో పెట్టిన దంతాన్ని చూసి ఇది అనుమతి సరుకా, దొంగ సరుకా అని చెప్పగలిగేదెవరు?

మామ: మరి మన సర్కారు చేసిందేమిటి? పట్టుకున్న దుంగలు 8,584 టన్నులు బయటి దేశాలకు అమ్ముకోవడానికి 2013లో పర్మిషన్ వచ్చింది. దొంగ నరికిన దుంగకు దారి దొరికింది. నేను నీళ్ళు పోసి పెంచిన చెట్టు 2019 దాకా కాచుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాతైనా ఏమైంది? నరకడానికి ఒక కాగితం, లారీలో తోలడానికి ఒకటి, ఎగుమతికి లైసెన్సు, దాని మీద మళ్ళీ సైటిస్ పర్మిట్. దుబాయ్ వీసాకు కూడా ఇన్నిసార్లు తిరగలేదు నేను.

చెల్లి: ఆ కాగితాలు లేకపోతే కొండ మీది దుంగ నీ పొలం పేరు చెప్పుకుని ఓడెక్కుతుంది. నీకు రెండెకరాలే ఉంది కానీ, కాగితం మీద రెండొందల ఎకరాల చెట్లు నరికినట్టు చూపించేవాళ్ళు వస్తారు.

మామ: నేను రేవులో పనిచేసినోణ్ణి పాపా, నాకు చెప్పొద్దు. 2010లో ఇరాన్‌కు పెట్రోల్ అమ్మే కంపెనీల మీద అమెరికా ఆంక్షలు పెట్టినప్పుడు నేను అక్కడే ఉన్నా. టీవీలు, టైర్లు, ఫ్రిజ్‌లు, పోని సరుకు లేదు. మధ్యలో వాడు ఒకటికి రెండు తీసుకున్నాడు, అంతే. పెట్రోల్ ఒక్కటే కరువైంది. అప్పుడు వాళ్ళేం చేశారు? పెట్రోకెమికల్ ఫ్యాక్టరీల్లో నాసి పెట్రోల్ వండుకున్నారు. దాని పొగ టెహ్రాన్‌లో స్కూలుకు పోయే పిల్లలు పీల్చారు. ఆంక్ష పెట్టినోళ్ళు పీల్చలేదు.

చెల్లి: చలికాలంలో గ్యాస్ చాలక కరెంటు ప్లాంట్లలో మజూత్ అనే చిక్కటి మురికి నూనె కూడా కాలుస్తారు. అది నిజమే. అయితే మొత్తం ఆంక్షల ఖాతాలో వేయకు. టెహ్రాన్ పక్కనే కొండలు, రోడ్డు నిండా పాత బళ్ళు. ఆ పొగ అంతకుముందూ ఉంది. ఇంకొకటి విను. పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాలో చార్లెస్ టేలర్ అధ్యక్షుడిగా ఉన్న కాలంలో అడవి నరికిన డబ్బుతో ఆయుధాలు కొనేవాళ్ళు. 2003లో ఐక్యరాజ్యసమితి ఆ కలప ఎవరూ కొనకూడదంది. 2006లో అక్కడ కొత్త ప్రభుత్వం వచ్చాకే నిషేధం ఎత్తేశారు, ఆ ఏడాదే కొత్త అటవీ చట్టం వచ్చింది.

మామ: అక్కడి సంగతి నాకు తెలీదు. బర్మా టేకు తెలుసు. 2021లో సైన్యం గద్దెనెక్కాక అమెరికా, యూరప్ అక్కడి సర్కారు కలప సంస్థ మీద ఆంక్షలు పెట్టాయి కదా. మన తిరుపతిలో ఇల్లు కట్టేవాడు గుమ్మానికి బర్మా టేకు అడగడం మానేశాడా?

చెల్లి: మన దేశం ఆ ఆంక్షల్లో చేరలేదు మామా.

మామ: నేను మొత్తుకునేది అదే! పది తలుపుల ఇంట్లో రెండు తలుపులు మూసి, దొంగ రాడని పడుకుంటే ఎట్లా?

చెల్లి: పదీ మూసినప్పుడు పనిచేసింది కూడా. ఓజోన్ పొరను తినేసే రసాయనాల మీద 1987లో మాంట్రియల్ ఒప్పందం చేసుకున్నారు. చేరని దేశంతో ఆ సరుకు వ్యాపారమే చేయకూడదని అందులోనే రాశారు. మన దేశం 1992లో చేరింది. చివరికి ప్రపంచమంతా చేరింది. మన ఇళ్ళలో ఫ్రిజ్‌లు పోలేదు, లోపలి గ్యాస్ మారింది. పేద దేశాల ఫ్యాక్టరీలు మారడానికి ఒక నిధి కూడా పెట్టారు.

మామ: ఆ, ఇప్పుడు అసలు మాట అన్నావు. నిధి పెట్టారు, పాత గ్యాస్‌కు బదులు కొత్త గ్యాస్ ఇచ్చారు. తమిళనాడు జవ్వాది కొండల నుంచి గొడ్డలి పట్టుకొచ్చేవాడికి బదులు ఏమిచ్చారు? మాధవమాల ఆచారికి ఏమిచ్చారు? నాకేమిచ్చారు?

(ఈ దెబ్బ మామదే అని నాకనిపించింది. చెల్లెలు కూడా ఒప్పుకున్నట్టే తల ఊపింది. కానీ ఆమె అంతటితో వదిలే రకం కాదు.)

చెల్లి: నీ మొక్కలు ఎక్కడివి మామా?

మామ: నర్సరీవి.

చెల్లి: నర్సరీకి విత్తనం?

మామ: కొండదే. ఇంకెక్కడ వస్తుంది?

చెల్లి: కొండలో వాళ్ళు ఏ చెట్టు నరుకుతున్నారు? నిటారుగా, లావుగా, చేవలో గీతలు అలలా తిరిగిన దాన్ని ఏరి మరీ నరుకుతున్నారు. మిగిలేవి వంకరవి, సన్నవి. రేపు నర్సరీకి విత్తనం ఇచ్చేవి అవే.

మామ: అందుకే కదా, పొలం చెట్టును సులువుగా అమ్ముకోనివ్వమనేది. నాది చౌకగా దొరికితే కొండెక్కే పనేముంది వాడికి?

చెల్లి: కొనేవాడు నీ చెట్టు అడగడు మామా. రాళ్ళలో, ఎండలో నిదానంగా పెరిగిన కొండ చెక్కే కావాలంటాడు. నీ తోటలో ఒకటైనా కోసి చూశావా?

మామ వెంటనే మాట్లాడలేదు. తుండుగుడ్డ భుజం మార్చుకున్నాడు.

మామ: పోయినేడు గాలివానకు ఒకటి పడింది. కోయించా. నా నడుమంత మాను. మధ్యలో ఎర్ర చేవ నా మణికట్టంత. చుట్టూ అంతా తెల్ల చెక్క.

చెల్లి: ఎవరికీ చెప్పలేదే?

మామ: మీ అత్తకు కూడా చెప్పలేదు. ఇంకో పదేళ్ళు పెరగనీ అనుకున్నా.

వంటాయన వచ్చి గంగాళం కావాలన్నాడు. మామ నీళ్ళలోంచి రాజా బొమ్మను తీసి, తుండుగుడ్డతో తుడిచి, దీపం దగ్గర పెట్టి చూశాడు. పాదాల దగ్గర రంగు కొంచెం వెలిసింది. దాన్ని రాణి పక్కన పెట్టెలో పడుకోబెట్టి మూత వేశాడు.

మామ: పెళ్ళికూతురితో అనొద్దు, ఇద్దరూ.