గుడారం కాదు, పర్ణశాల

యూదుల సుక్కోత్ పండుగ మీద వ్యాసం బాగుంది. కానీ ఆ పండుగ రోజుల్లో ఉండటానికి వేసుకునే పాకను, అంటే సుక్కాను, "గుడ్డ గుడారం" అని రాశారు, అది సరిచేయండి. గోడలు గుడ్డతో కట్టుకోవచ్చు, ప్లైవుడ్‌తోనూ కట్టుకోవచ్చు. కప్పు మాత్రం నేలలో పెరిగి, కోసి తెచ్చిన కొమ్మలు, ఆకులతోనే వేయాలి. పైన గుడ్డ కప్పితే అది సుక్కా కాదు. అందుకే తెలుగు బైబిల్లో ఉన్న "పర్ణశాలల పండుగ" అన్న మాట నాకెంతో ఇష్టం. అంత చక్కగా అతికిన మాట ఉండగా గుడారం ఎందుకు?

నేను కొన్నేళ్లు యెరూషలేంలో ఒక పెద్దాయనకు కేర్‌గివర్‌గా పనిచేశాను. అక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో బాల్కనీలు ఒకదాని కింద ఒకటి రాకుండా పక్కకు జరిపి కడతారు. సుక్కా మీద ఆకాశమే ఉండాలి, ఇంకో బాల్కనీ అడ్డుంటే చెల్లదు. ఆయన మనవలు ఖర్జూరపు మట్టలు పరిచి, మళ్లీ మళ్లీ సర్దేవాళ్లు. పగలు ఎండకన్నా నీడ ఎక్కువుండాలి, రాత్రి సందుల్లోంచి చుక్కలు కనబడాలి.

పండుగ రోజుల్లో సుక్కాలోనే భోజనం చేయాలన్నది నియమం. జబ్బుపడ్డవాళ్లకు, వాళ్లను చూసుకునేవాళ్లకు కూడా దాని నుంచి మినహాయింపు ఉంది. అయినా ఆయన 7 రోజులూ వీల్‌చెయిర్ అక్కడికే తీసుకెళ్లమనేవారు, భోజనం అక్కడే. ఐగుప్తు నుంచి బయటపడ్డ తమ పెద్దలు అలాగే బతికారని చెప్పేవారు. వాన వచ్చి తిండి పాడయ్యేలా ఉంటే లోపలికి వచ్చేయొచ్చు. ఒక ఏడాది సూప్ గిన్నెలో చినుకులు పడుతున్నా "ఇంకో ఐదు నిమిషాలు" అన్నారు. నేను గిన్నె మీద చెయ్యి అడ్డంపెట్టి నిలబడ్డాను.