చట్టం వాటా ఇచ్చినా ఆడపడుచు సంతకం ఎందుకు పెడుతుంది?

తండ్రి పోయాక భూమి మొత్తం అన్నదమ్ముల పేరున మారాలంటే ఆడపడుచు తన వాటా వదులుకోవాలి. అందుకు రాసేదే హక్కు విడుదల దస్తావేజు. ‘పెళ్లప్పుడు పసుపు కుంకుమ కింద నాకు ముట్టింది, ఈ ఆస్తిలో ఇక నాకు హక్కు లేదు’ అన్నది దాని సారాంశం. సబ్‌ రిజిస్ట్రార్‌ ఆఫీసులో ఫొటో, వేలిముద్ర, సాక్షుల సంతకాలతో పని అయిపోతుంది.

ఆమె వదులుకునేది ఎంతో చూద్దాం. తల్లి ముందే పోయింది, తండ్రి వీలునామా రాయలేదు, ఒక కొడుకు, ఒక కూతురు, 6 ఎకరాల పిత్రార్జితం అనుకోండి. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ముందు తండ్రికి, కొడుక్కి చెరో 3 ఎకరాలు. తండ్రి 3 ఎకరాలను పిల్లలిద్దరూ పంచుకుంటే కొడుక్కి నాలుగున్నర, కూతురికి ఒకటిన్నర. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురినీ పుట్టుకతోనే సమాన హక్కుదారును చేసింది. దాంతో లెక్క చెరి 3 ఎకరాలకు మారింది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు మాత్రం అది అందలేదు. కేంద్రం అదే మార్పు తేవడానికి 2005 దాకా పట్టింది. ఆ కేంద్ర సవరణ అమల్లోకి వచ్చిన నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది.

ఇంత జరిగినా ఆ 3 ఎకరాలూ సంతకంతో పోతున్నాయంటే, ఆమెకు చైతన్యం లేదని తేల్చేయడం తేలిక. విలువలు దశల వారీగా ఎదుగుతాయన్న సిద్ధాంతాలను మనవాళ్లు ఎక్కువగా ఇలాగే వాడుతున్నారు, మెట్ల మీద మనుషులను నిలబెట్టి మార్కులు వేయడానికి. ఆ సిద్ధాంతాల్లో ముఖ్యమైనదాన్ని రూపొందించిన అమెరికన్‌ మనస్తత్వవేత్త క్లేర్‌ గ్రేవ్స్‌ చెప్పింది అది కాదు. పరిణతి చెందిన మనిషి ఎలా ఉంటాడో రాయమని 1950లలో ఆయన తన విద్యార్థులను అడిగాడు. ఆ రాతల నుంచే దశలు తేల్చాడు. ఒక్కో దశకు రెండక్షరాల గుర్తు పెట్టాడు. మొదటిది బతుకు విసిరే సమస్యకు, రెండోది దాన్ని ఎదుర్కొనే మనసు తీరుకు. సమస్య మారితే విలువ మారుతుంది, బతుకు దిగజారితే మనిషి పాత దశకే మళ్లవచ్చు. ఆయన తర్వాత 1996లో డాన్‌ బెక్‌, క్రిస్టఫర్‌ కోవన్‌ వీటికి రంగులు పెట్టి ప్రచారం చేశారు. రంగులు జనానికి గుర్తున్నాయి, ఆ మొదటి అక్షరం మరుగున పడింది.

ఆ అక్షరాన్ని మన పొలం గట్టు మీదికి తెచ్చి చూడండి. వంశమే రక్షణ అయిన చోట భూమి ఇంటిపేరు దాటకూడదు. కట్టుబాటు నడిచే చోట పెళ్లిలో ఇచ్చిన కట్నంతో లెక్క చెల్లు. భూమి సరుకైన చోట, ఊరి పక్కన రోడ్డు పడి ఎకరం ధర ఎగిరిన నాడు, అదే చెల్లెలికి తన వాటా గుర్తొస్తుంది. దాన్ని ఆశ అంటారు గానీ నా దృష్టిలో అది న్యాయమే. సమానత్వం ఈ వరుసలో ఆ తర్వాతి మాట. ఇవన్నీ ఒకే ఇంట్లో, ఒకే పంపకంలో కలిసి పనిచేస్తాయి.

మరో అమెరికన్‌ మనస్తత్వవేత్త లారెన్స్‌ కోల్‌బర్గ్‌ చెప్పిన నైతిక దశల దగ్గర చిక్కు ఇంకా స్పష్టం. ఆయన మొదటి పరిశోధన, 1958లో, చికాగో ప్రాంతపు మగపిల్లల మీద జరిగింది. అయినవాళ్ల మెప్పు కోసం నడుచుకోవడం ఆయన ఆరు దశల్లో మూడోదే. దీన్ని 1982లో మనస్తత్వవేత్త కెరొల్‌ గిలిగన్‌ తప్పుపట్టింది. 1992లో జోన్‌ మిల్లర్‌, డేవిడ్‌ బెర్సాఫ్‌ అనే పరిశోధకులు మైసూరులోనూ అమెరికాలోనూ ఒక చిక్కు ప్రశ్న అడిగారు. స్నేహితుడి పెళ్లి ఉంగరాలు సమయానికి చేర్చాలంటే మరొకరి రైలు టికెట్‌ దొంగిలించడం తప్ప దారి లేదు, ఏం చేయాలి? మైసూరువారిలో ఎక్కువ మంది తీసుకోమన్నారు, అమెరికన్లలో ఎక్కువ మంది కూడదన్నారు. మనవాళ్లకు మాట నిలబెట్టుకోవడం కూడా ధర్మమే. అది కింది మెట్టు కాదు.

సంతకం పెట్టే ఆడపడుచు లెక్కా అలాంటిదే. భర్త పోయినా, కాపురం చెడినా తిరిగి వెళ్లడానికి ఆమెకు ఉన్న ఒకే ఒక్క చోటు పుట్టిల్లు. 3 ఎకరాలు అడిగితే ఆ తలుపు మూసుకుంటుందని భయం. పురిటికి తీసుకెళ్లేదీ, సారె పెట్టేదీ, అత్తింట్లో గొడవైతే వచ్చి నిలబడేదీ అన్నే. చట్టం వాటా రాసింది కానీ ఈ పనులు ఎవరు చేస్తారో చెప్పలేదు. పాత విలువ చేసే పనిని కొత్తది భుజాన వేసుకోనంత కాలం హక్కు కాగితం మీదే ఉంటుంది.

అందుకే చేయాల్సింది ఉపన్యాసాలు కాదు. పెద్దకర్మ వారంలో, దుఃఖంలో ఉన్న మనిషి చేత సంతకం పెట్టించకూడదు. తండ్రి బతికుండగానే పంపకం రాసి రిజిస్టర్‌ చేయించి, కూతురి వాటాకు హద్దులు, దారి చూపి, పట్టాదారు పాస్‌ పుస్తకంలో ఆమె పేరు ఎక్కించాలి. అప్పుడు అన్నను అడగాల్సిన అవసరమే రాదు, తలుపు మూసుకునే సందర్భమూ రాదు. భూమి చీలిపోతుందని అన్న బాధపడితే ఆ రోజు ధర కట్టి కిస్తీల మీద ఇవ్వవచ్చు. ఆ కిస్తీలు ఆమె సొంత ఖాతాలోనే పడాలి, అల్లుడి ఖాతాలో కాదు.