చూడని దానికి సాక్షి సంతకం ఎందుకు పెట్టాలి?

రాత్రి రెండు దాటింది. ఐసీయూలో ఏడు బెడ్లు, డ్యూటీలో ఇద్దరం సిస్టర్లం. నేను ఒక పేషెంట్‌కి సక్షన్ చేస్తుంటే జూనియర్ అమ్మాయి రిజిస్టర్ పట్టుకుని వచ్చింది. "అక్కా, ఫెంటానిల్ వేస్టేజ్, ఇక్కడొక సైన్" అంది. ఫెంటానిల్ అంటే బలమైన నొప్పి మందు, వేస్టేజ్ అంటే పేషెంట్‌కి ఇవ్వగా మిగిలి పారబోసింది. గ్లవ్ తీసి, ఏ బెడ్‌కి ఎంత ఇచ్చారో కూడా చదవకుండా సంతకం పెట్టి మళ్లీ పనిలో పడ్డాను. ఆ అమ్మాయి మిగిలిన మందు సింకులోనే పోసిందని ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఆ రిజిస్టర్‌లో నేను రాసింది నమ్మకం కాదు, చూశానని. నేను చూడలేదు.

ఇది హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సంగతి. కొన్ని నెలల తర్వాత అక్కడ రిజిస్టర్ లెక్కకీ పేషెంట్ల కేస్‌షీట్లలో రాసిన డోసులకీ పొంతన కుదరలేదు. తేడా వచ్చిన లైన్లలో మూడింటి కింద సాక్షిగా నా సంతకం ఉంది. ఆ మూడు రాత్రులూ ఏం జరిగిందని అడిగితే నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. ఆ వారం రోజులు పడ్డ టెన్షన్ ఎవరికీ రాకూడదు. ప్రశ్నలన్నీ సిస్టర్లకే వచ్చాయి. ఏడు బెడ్లకి ఇద్దరినే ఎందుకు వేశారని మాత్రం ఎవరూ ఎవరినీ అడగలేదు.

బయటివాళ్లకి ఈ వేస్టేజ్ ఏమిటో తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఫెంటానిల్ ఆంప్యూల్ మన దగ్గర ఎక్కువగా 2 ఎమ్మెల్‌ది వస్తుంది, అందులో 100 మైక్రోగ్రాముల మందు. 12 కిలోల పిల్లాడికి ఆపరేషన్ అయితే కిలోకి ఒకటి రెండు మైక్రోగ్రాముల లెక్కన 12 నుంచి 24 ఇస్తారు, అంటే అర ఎమ్మెల్ కూడా కాదు. మిగతా ఒకటిన్నర ఎమ్మెల్ సిరంజిలోనే ఉంటుంది. మార్ఫిన్ 10 మిల్లీగ్రాముల ఆంప్యూల్ పగలగొట్టి మూడు ఇస్తే ఏడు మిగులుతుంది. పగలగొట్టిన ఆంప్యూల్‌ని మళ్లీ మూసే వీలు లేదు, మిగిలినది ఇంకో పేషెంట్‌కి వాడితే ఇన్ఫెక్షన్ భయం, అందుకే పారబోయాలి. కానీ 100 మైక్రోగ్రాముల ఫెంటానిల్ దాదాపు 10 మిల్లీగ్రాముల మార్ఫిన్‌కి సమానం, కాబట్టి ఆ ఒకటిన్నర ఎమ్మెల్ అలవాటు లేని మనిషి ఊపిరి ఆపేయగలదు, అలవాటు పడ్డవాడికి అదే కావాలి. అందుకే ఒకరు పారబోస్తుంటే ఇంకొకరు చూసి సంతకం పెట్టాలన్న పద్ధతి వచ్చింది.

మన ఆసుపత్రుల్లో కాపలా అంతా ఆంప్యూల్ మీదే ఉంటుంది. డబుల్ లాక్ అల్మరా, షిఫ్ట్ మారినప్పుడల్లా లెక్క, ఖాళీ ఆంప్యూల్ తిరిగి ఇస్తేనే ఫార్మసీ నుంచి కొత్తది. ఇవన్నీ అవసరమే. కానీ ఖాళీ ఆంప్యూల్ చెప్పేది అది పగిలిందని మాత్రమే, లోపలి మందు పేషెంట్ ఒంట్లోకి వెళ్లిందా, సింకులోకి వెళ్లిందా, ఎవరి జేబులోకైనా వెళ్లిందా అన్నది గాజుముక్క చెప్పలేదు. బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు, 2016 ప్రకారం ఆ గాజు నీలం డబ్బాలోకి వెళ్లాలి, పారేసే మందులు పసుపు కేటగిరీ కింద కాల్చేయడానికి వెళ్లాలి. రంగుల దగ్గర తప్పు జరిగితే తనిఖీలో పట్టుకుంటారు. సిరంజిలో మిగిలిన మందు ఏమైందో చెప్పాల్సింది మాత్రం ఆ రెండో సంతకం ఒక్కటే. ఆసుపత్రులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏబీహెచ్ ప్రమాణాల్లో కూడా ఈ మందుల వాడకంతో పాటు పారబోతకీ సరైన రికార్డు ఉండాలనే ఉంది. అయితే రికార్డు ఉండటం వేరు, అది నిజం కావడం వేరు.

ఇంకో చిక్కు ఉంది. ఫెంటానిల్ నీళ్లలాగే ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. తోటి సిస్టర్ పిలిస్తే సింకు దగ్గరికి వెళ్లి, ఆమె సిరంజి నొక్కుతుంటే చూసి నిజాయితీగానే సంతకం పెట్టాననుకుందాం. ఆ సిరంజిలో ఉన్నది మందా, సెలైనా? కంటితో ఎవరూ చెప్పలేరు. అమెరికాలో కొన్ని ఆసుపత్రులు వెనక్కి వచ్చిన మందుని రిఫ్రాక్టోమీటర్‌తో (ద్రవంలో కాంతి ఎంత వంగుతుందో కొలిచే పరికరం) పరీక్షిస్తాయి. అక్కడి న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో ఒక టెక్నీషియన్ పేషెంట్ల కోసం ఉంచిన ఫెంటానిల్ సిరంజిలు దొంగిలించి, తాను వాడుకుని, వాటిలో సెలైన్ నింపి తిరిగి పెట్టేవాడు. అతనికి హెపటైటిస్ సి ఉంది. పదుల మంది పేషెంట్లకి అది అంటింది. 2013లో 39 ఏళ్ల జైలుశిక్ష పడింది. పేషెంట్ల వైపు నుంచి చూస్తే, నొప్పి మందు బదులు ఉప్పునీళ్లు, పైగా జీవితాంతం మోయాల్సిన రోగభయం.

అందుకే నా వాదన ఇది. సాక్షి పని సింకు దగ్గర మొదలు కాకూడదు, ఆంప్యూల్ పగలగొట్టే దగ్గర మొదలు కావాలి. ఎంత లాగారు, ఎంత ఇచ్చారు, ఎంత మిగిలింది, మిగిలింది ఎక్కడ పోశారు అన్నది ఒకే మనిషి కళ్ల ముందు జరగాలి. మొత్తం డోసు ఒకేసారి ఇవ్వని ఆపరేషన్ థియేటర్ (ఓటీ) కేసుల్లో ఇది కష్టం, అక్కడ మత్తు డాక్టర్ చేతిలోనే సిరంజి గంటల తరబడి ఉంటుంది. అలాంటప్పుడు సిరంజి మీద మందు పేరు, మోతాదు, టైమ్ లేబుల్ వేయడం, కేసు అయిపోగానే అక్కడే ఆ డాక్టరూ ఓటీ సిస్టరూ కలిసి పారబోసి ఇద్దరూ సంతకం పెట్టడం కనీసం చేయాలి. డాక్టర్ సంతకం లేకుండా సిస్టర్లిద్దరి సంతకాలతోనే సరిపెట్టడం నాకు మొదటి నుంచీ అన్యాయంగానే అనిపిస్తుంది.

మన ఊళ్లలో సాక్షి అంటే ఏమిటో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. సాదాబైనామా (రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకునే అమ్మకం పత్రం) మీద భూమి చేతులు మారినప్పుడు గవాయి (సాక్షి సంతకం) పెట్టే పెద్దమనిషి హద్దురాళ్ల దాకా నడిచి వెళ్లి చూసేవాడు, ఎందుకంటే ఇరవై ఏళ్లకి గెట్టు పంచాయితీ వస్తే పిలిచేది అతన్నే. పొలం చూడకుండా వేలిముద్ర వేసినవాడిని ఊరు నమ్మేది కాదు. ఊళ్లో అంత జాగ్రత్త తెలిసిన మన ఆడపిల్లలు ములుగు నుంచి, మహబూబాబాద్ నుంచి వచ్చి జీఎన్‌ఎం నర్సింగ్ డిప్లొమా చదివి ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే చూడకుండా సంతకం పెట్టడం నేర్చుకుంటున్నారు. ఎవరూ నేర్పించనక్కర్లేదు, పని ఒత్తిడే నేర్పిస్తుంది. వెంటిలేటర్ మీద ఉన్న పేషెంట్‌కి ఒక సిస్టర్ చొప్పున ఉండాలి. ఏడుగురికి ఇద్దరున్న చోట రెండో మనిషి పది నిమిషాలు సింకు దగ్గర నిలబడితే మూడో బెడ్ అలారం ఎవరు చూస్తారు? పైగా అడిగేది సీనియర్ అయితే, "నేను చూడలేదు కదా అక్కా" అనడం అవమానించినట్టు అవుతుంది. మేట్రన్‌లు, మేనేజ్‌మెంట్లు ఒక మాట రాతపూర్వకంగా ఇవ్వాలి: చూడకపోతే సంతకం పెట్టను అన్న సిస్టర్ మీద ఎలాంటి చర్యా ఉండదని.

కట్టడి అనగానే ఇంకో ప్రమాదం ఉంది, దాన్ని దాచి మాట్లాడలేను. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తు మందుల నియంత్రణ చట్టం) తర్వాత లైసెన్సుల గొడవకీ కేసుల భయానికీ చాలా ఆసుపత్రులు మార్ఫిన్ తెప్పించడమే మానేశాయి. క్యాన్సర్ నొప్పితో ఉన్నవాళ్లు మార్ఫిన్ కోసం హైదరాబాద్ దాకా పోవాల్సి వచ్చేది. 2014లో చట్టాన్ని సవరించి, మరుసటి ఏడాది మార్ఫిన్, ఫెంటానిల్‌తో సహా ఆరు మందులను అత్యావశ్యక నార్కోటిక్ మందులుగా గుర్తించి నిబంధనలు సులువు చేశారు. ఆ భయం మళ్లీ రాకూడదు. రిజిస్టర్ తలనొప్పి ఎందుకని డాక్టర్ మార్ఫిన్ రాయడం మానేస్తే నష్టపోయేది పేషెంటే. నేనడిగేది తాళాలు పెంచమని కాదు, ఉన్న సంతకం నిజం చేయమని.

మత్తు మందు దారి తప్పితే ఏమవుతుందో ఉత్తర తెలంగాణకి బాగా తెలుసు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు నిజామాబాద్ ప్రాంతంలో జనం వణుకుతూ, పిచ్చిగా మాట్లాడుతూ ఆసుపత్రులకి వచ్చారు. కల్లులో కలిపిన అల్ప్రాజొలం, డైజిపాం ఒక్కసారిగా ఆగిపోయినందుకు అది. ఆసుపత్రి సింకుకీ దానికీ సంబంధం లేదు గానీ, మందు ఒంటికి అలవాటయ్యాక మనిషి ఏమవుతాడో ఆ రోజుల్లో క్యాజువాలిటీలో పనిచేసిన ప్రతి సిస్టరూ చూసింది. అలా మందుకి అలవాటుపడ్డ మనిషి మన తోటి సిస్టరో, టెక్నీషియనో, డాక్టరో కూడా కావచ్చు. వాళ్లకి ముందు వైద్యం కావాలి, చూసీచూడని సంతకాలు వాళ్లని ఇంకా లోతుకి నెడతాయి.

కంపెనీలు, ఆసుపత్రుల కొనుగోలు కమిటీలు ఆలోచించాల్సింది కూడా ఒకటుంది. పిల్లల వార్డుకి, చిన్న ప్రొసీజర్లకి చిన్న ఆంప్యూళ్లు దొరికితే మిగిలేదే తక్కువ. మిగలని మందుకి సాక్షి అక్కర్లేదు. ఇంట్లో క్యాన్సర్ పేషెంట్ పోయాక మిగిలిన మార్ఫిన్ సంగతి కూడా ఇంతే. 2025లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ మార్ఫిన్, ఫెంటానిల్, ట్రమడాల్ లాంటి 17 మందులను చెత్తబుట్టలో వేయకుండా సింకులోనో టాయిలెట్‌లోనో పోయమని చెప్పింది. ఆ మాట ఇంటివాళ్లకి చెప్పాల్సిన పని కూడా చివరికి సిస్టర్‌దే అవుతుంది, డిశ్చార్జి కాగితాల మధ్య దానికి రెండు నిమిషాలు దొరకాలి.

ఇప్పుడు నేను నర్సింగ్ విద్యార్థులకి పాఠం చెబుతున్నాను. ల్యాబ్‌లో డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూళ్లతో ఇదే చేయిస్తాను: ఒకరు పగలగొట్టి ఎంత లాగిందీ పైకి చెప్పాలి, ఇంకొకరు సిరంజి గీత చూసి తిరిగి చెప్పాలి, పారబోసిన తర్వాతే పెన్ను తీయాలి. మొన్న జనగామ అమ్మాయి ఒకతె లేచి, "మేడం, నిజం డ్యూటీలో సీనియర్ అక్క రిజిస్టర్ తెచ్చి సైన్ పెట్టమంటే ఏమనాలి?" అని అడిగింది. క్లాసంతా నా వైపే చూసింది. "పారబోయకుండా ఒక్క నిమిషం ఆగండక్కా, ఈ పేషెంట్‌ని చూసి వస్తున్నా" అనమన్నాను. ఆ మాట ఒక్కొక్కరితో రెండేసి సార్లు గట్టిగా అనిపించాను.