లీటర్లు లెక్కపెట్టకుండా ఫ్లోరైడ్ లెక్క తేలదు

అమెరికాలో తాగునీటిలో ఫ్లోరైడ్ కలపాలా వద్దా అన్న గొడవ మన ఫోన్లలోకీ వచ్చేసింది. 2025లో యూటా రాష్ట్రం దాన్ని నిషేధించాక ‘ఫ్లోరైడ్ విషమట’ అని ఒకరు మెసేజ్ పెడితే, ‘పళ్లకు మంచిదని డాక్టర్లే చెబుతారు కదా’ అని ఇంకొకరు బదులిస్తున్నారు. ఈ వాదనలో మన ఊరి బోరింగు ఎక్కడా లేదు. అమెరికాలో ఫ్లోరైడ్ తక్కువున్న నీళ్లలో, పళ్లు పుచ్చకుండా, లీటరుకు 0.7 మిల్లీగ్రాముల మోతాదు ఉండేలా కలుపుతారు. తెలంగాణను ఆనుకుని మహారాష్ట్ర సరిహద్దులో ఉన్న చంద్రపూర్, యవత్మాల్, నాందేడ్ జిల్లాల్లో ఎవరూ ఏమీ కలపడం లేదు. భూమిలోని రాయే కలుపుతోంది. మనకున్న సమస్యల్లా దాన్ని తీసేయడం.

బోరు నీళ్లు పరీక్షించాక చెప్పే ‘సేఫ్’ అనే మాట దగ్గరే నాకు పేచీ. భారత ప్రమాణాల సంస్థ లెక్కలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫర్వాలేదు. వేరే నీటి వసతి లేనప్పుడు మాత్రమే 1.5 వరకు సర్దుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు కూడా 1.5. గత్యంతరం లేనప్పటి కోసం ఇచ్చిన ఈ సడలింపే ఇప్పుడు అసలు హద్దులా చలామణీ అవుతోంది. బోరు నీళ్లలో 1.4 వస్తే ‘పాస్’ అనేసి ఫైలు మూసేయడం దారుణం.

ఎందుకంటే ఒంట్లోకి వెళ్లేది లీటరుకు ఎంత ఉందన్న అంకె ఒక్కటే కాదు కదా, ఎన్ని లీటర్లు తాగామన్నది కూడా లెక్కే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాలు మామూలుగా పెద్దవాళ్లు రోజుకు రెండు లీటర్లు తాగుతారన్న అంచనాతో నడుస్తాయి. ఫ్లోరైడ్ విషయంలో స్థానికంగా ఎంత నీళ్లు తాగుతారో చూసుకుని హద్దు పెట్టుకోవాలని ఆ సంస్థే చెబుతోంది. చంద్రపూర్ ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది? మే నెలలో తునికాకు కోసే మనిషి, ఓపెన్‌కాస్ట్ గనిలో పనిచేసే కార్మికుడు ఐదు లీటర్లు సులువుగా తాగుతారు. 1.4 ఉన్న ‘పాస్’ నీళ్లు ఐదు లీటర్లంటే 7 మిల్లీగ్రాములు. అన్ని దారుల్లో కలిపి రోజుకు 6 మిల్లీగ్రాములు దాటితే ఎముకలకు ముప్పు పెరుగుతుందన్న సూచనలున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లోనే చెప్పింది. అన్నం, పప్పు ఉడికించిన నీళ్లు ఇంకా ఈ లెక్కలోకి రాలేదు. టీ ఆకులో సహజంగానే ఉండే ఫ్లోరైడ్ కూడా రాలేదు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. 1962లో అమెరికా ప్రజారోగ్య శాఖ ఊరి ఉష్ణోగ్రతను బట్టి నీళ్లలో ఎంత ఫ్లోరైడ్ ఉంటే మేలో నిర్ణయించింది. చలి ప్రాంతాలకు 1.2, వేడి ప్రాంతాలకు 0.7. విదర్భ ఎండకు ఆ మర్యాద మనమెందుకు ఇవ్వకూడదు? నా దృష్టిలో ఈ జిల్లాల్లో 1 దాటిన ఏ బోరునూ తాగునీటి బోరుగా చూడకూడదు.

ఈ నీళ్లు రెండు వందల అడుగులు దాటి తవ్వుకుంటూ పోయేకొద్దీ బాగుపడతాయనుకోవడం ఇంకో ప్రమాదం. ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలతో నీళ్లు ఎంత ఎక్కువ కాలం ఒరుసుకుంటే అంత కరిగించుకుంటాయి. కాల్షియం తక్కువుండి సోడియం, బైకార్బొనేట్ ఎక్కువున్న నీళ్లలో ఇంకా పేరుకుంటుంది. లోతు నీళ్లు చాలాచోట్ల ఇలాంటివే. ఫ్లోరైడ్‌కు రంగు, వాసన ఉండవు కాబట్టి చూసి పోల్చుకోలేం. కాచితే నీరు ఆవిరై ఫ్లోరైడ్ మిగులుతుంది. యూవీ ఫిల్టర్ క్రిములను చంపుతుంది గానీ దీన్ని తాకదు. ఆర్వో తీస్తుంది, కానీ లోపలి వడపోత పొర (మెంబ్రేన్) సరిగా ఉన్నంతవరకే. ఇరవై లీటర్ల క్యాన్ కొనేవాళ్లు ప్లాంటు మనిషిని ఫ్లోరైడ్ ఎంత వస్తోందో అడగాలి. చెప్పలేకపోతే ఆ నీళ్లకు డబ్బు పెట్టడం దండగ.

ఫ్లోరైడ్‌తో పళ్లూ ఎముకలూ పాడయ్యే ఫ్లోరోసిస్ జబ్బును దేశంలో మొదట గుర్తించింది తెలుగు నేల మీదే, 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతిని 1970లలో తయారు చేసింది నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, నీరి. దానికి నల్గొండ పేరే పెట్టారు. అంటే సరిహద్దుకు అటూ ఇటూ కలిసి వెతికిన పరిష్కారం మన దగ్గర ఎప్పుడో ఉంది. నల్గొండకు అసలు ఊరట మాత్రం నది నీళ్లతోనే వచ్చింది, ఎందుకంటే పటిక మోతాదును ఏళ్ల తరబడి తప్పకుండా చూసుకునే మనిషి ఊళ్లో దొరకడు. తెలంగాణ 2016లో మిషన్ భగీరథ మొదలుపెట్టి నది నీళ్లను ఊళ్లకు తెచ్చింది. పెన్‌గంగ నది తెలంగాణ, మహారాష్ట్రల మధ్యే పారుతోంది. 2016లోనే దానిమీది చనాక-కొరాట బ్యారేజీపై రెండు ప్రభుత్వాలూ ఒప్పందం చేసుకున్నాయి. పొలానికి నీళ్ల కోసం కూర్చున్న బల్ల దగ్గరే తాగునీటి కోసమూ కూర్చోవచ్చు. చంద్రపూర్ జిల్లాలోని రాజురా, కోర్పనా, జివతి తాలూకాల తెలుగువాళ్లు ఎన్నికలప్పుడు అడగాల్సింది ఇదే.

నది నీళ్లు వచ్చేదాకా చేయగలిగింది కొంత ఉంది. జల్ జీవన్ మిషన్ కింద ప్రతి ఊళ్లో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలని ఉంది. ఆ పరీక్ష వానల తర్వాత ఒకసారి చేసి వదిలేయకుండా మే నెలలో కూడా చేయించాలి. వచ్చిన అంకెను బోరింగు మీదే మరాఠీతో పాటు తెలుగులోనూ రాయించాలి. మరాఠీ బడికి వెళ్లిన మనవడికి తప్ప ఇంట్లో ఎవరికీ అర్థం కాని రిపోర్టు గ్రామపంచాయతీ బీరువాలో ఉంటే ఎవరికి లాభం?

పళ్ల మీద గార పడేది చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులో, దాదాపు ఎనిమిదేళ్ల లోపు. ఆ మరక మళ్లీ పోదు. పాలు, ఆకుకూరలు, ఉసిరి లాంటివి తినేవాళ్లను ఫ్లోరైడ్ కాస్త తక్కువ బాధిస్తుంది. తిండి సరిగా లేని ఇంటి పిల్లలకే ముందు దెబ్బ. కాబట్టి మంచి నీళ్లు తక్కువగా దొరికే ఊళ్లలో వాటిని ముందు అంగన్‌వాడీకి, బడికి, గర్భిణులున్న ఇళ్లకు ఇవ్వాలి. తాగడానికే కాదు, వంటకు కూడా అవే వాడాలి. బట్టలకు, గిన్నెలకు, పశువుల కొట్టం కడగడానికి బోరు నీళ్లు సరిపోతాయి.